కొర్రమీను కొట్టక్కా

ఆ కబురు నాకు మొదట తెచ్చింది చేపల సూరమ్మ. నెత్తి మీది గంప దించకుండానే పవర్‌పేటలో మా గుమ్మం ముందు నిలబడి, "అమ్మగోరండీ, మీ టైపు మాస్టారు పోయారండి. తెల్లారగట్ల. ఆరక్క పెద్దింట్లు మీతో చెప్పి రమ్మందండి" అంది.

నేను బియ్యం ఏరుతున్నాను. చేట పక్కన పెట్టి లేచాను. లేచి ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ కూర్చున్నాను. సూరమ్మ గంప దించి, మూత తియ్యకుండా, గడప మీద నా పక్కనే చతికిలబడింది. ఆమెదీ మాస్టారి లంకే. కొల్లేటి నడుమ నీళ్ళు చుట్టూ ఉన్న ఊరిని అక్కడ లంక అంటారు. నేను కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నాను. ఆమె కొల్లేటికోట అమ్మవారికి దణ్ణం పెట్టుకుంది. కాసేపటికి ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని, "ఇయ్యాల అమ్మబుద్ధి కావట్లేదండి" అని గంపెత్తుకుని బస్టాండు వైపు వెళ్ళిపోయింది.

ఆయన పేరు రాయను. ఈ చుట్టుపక్కల ఎందరి పేర్లో శుభలేఖల మీద కొట్టినవారు, తన పేరు మాత్రం ఎక్కడా పడనిచ్చేవారు కాదు. "పేరు కనపడితే జనం తప్పులు వెతుకుతారండీ" అని నవ్వేవారు. అందరం మాస్టారూ అనే పిలిచేవాళ్ళం. ఇక్కడా అలాగే పిలుస్తాను.

నేను బడికి వెళ్ళలేదు. చిన్నప్పుడు ఉబ్బసం. తాడేపల్లిగూడెంలో మా ఇంట్లోనే నాన్నగారు నాకు చదువు చెప్పారు. మిషన్ బడిలో టీచరు చేసిన మనిషి గనక కీర్తనల గ్రంథమే నాకు వాచకం. ఆయన ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాక, ఇంట్లో నేర్చిన చదువుకు సర్టిఫికెట్టు ఏది అని అడిగినవాళ్ళే గాని పని ఇచ్చినవాళ్ళు లేరు. చివరికి మా పాస్టరమ్మగారు ఏలూరులో తమకు తెలిసిన డి.టి.పి. కొట్టులో మాట చెప్పారు. ఆ అమ్మగారికి ఈ రోజుకీ వందనాలు చెప్పుకుంటాను. ఏలూరుకు మారకముందు, గూడెంలో పొద్దుటి పాసింజరెక్కి పవర్‌పేటలో దిగి నడిచి వెళ్ళేదాన్ని.

మొదటిరోజు కొట్లో అడుగుపెట్టి ఒక స్టూలు మీద ఒదిగి కూర్చున్నాను. పక్క కుర్చీలోంచి ఎవరో, "లేవండి. లేస్తున్నారా? ఇంకా బద్ధకమేనా?" అన్నారు. గభాలున లేచి నిలబడ్డాను.

"అయ్యో, మిమ్మల్ని కాదండీ, ఈయన్ని" అని మానిటరు చూపించారు మాస్టారు. "పాత మనిషి. తొందర పెడితే అలుగుతారు."

కంప్యూటర్ని ఆయన ఏనాడూ 'నువ్వు' అనలేదు. ఆగిపోతే, "ఏవండీ, ఏమైందండీ?" అని అడిగేవారు. కొట్టడం మొదలుపెట్టే ముందు వేళ్ళ కొసల మీద ఉఫ్ అని ఊదుకునేవారు, వేడి అన్నంలో చెయ్యి పెట్టబోతున్నట్టు. మధ్యాహ్నం లంక నుంచి బస్సు డ్రైవరు చేతికిచ్చి అక్కగారు పంపే క్యారేజీ వచ్చేది. మూత తియ్యగానే అందరి ముందూ తలో ముద్ద పెట్టి, ఆఖర్న తాను తినేవారు. వద్దంటే ఒప్పుకునేవారు కాదు. "మా అక్క గిన్నెలు చూసి కనిపెట్టేస్తుందండీ, ఒక్కణ్ణే తిన్నానో నలుగురం తిన్నామో" అనేవారు.

కొట్లో అందరూ వాడే తెలుగు సాఫ్ట్‌వేర్ వేరే ఉంది. ఆయన మాత్రం ముందు మేటరంతా ఒక మామూలు టెక్స్ట్ ఎడిటర్లో కొట్టుకుని, ఆ తర్వాతే పేజీలోకి ఎక్కించేవారు. ఆ ఎడిటరు తెరుచుకుంటూనే, అన్నిటికన్నా ముందు ఒక చిన్న ఫైలు చదువుకుంటుంది. తెర ఏ రంగులో ఉండాలి, అక్షరం ఎంత లావుండాలి, ఏ మీట నొక్కితే ఏ అక్షరం పడాలి, ఏ పొట్టిమాట ఏ పొడుగు మాటగా విచ్చుకోవాలి, అన్నీ అందులో మనమే రాసి పెట్టుకోవచ్చు. స్టార్టప్ ఫైలు అంటారు దాన్ని. ఆయన పొద్దుటి ఫైలు అనేవారు.

"మీరు పొద్దున్నే లేచి ప్రార్థన చేసుకుంటారు కదండీ? ఈయనా అంతేనండీ. ఇది చదువుకున్నాకే పనిలోకి దిగుతారు" అని నాకు చెప్పారు. ఆ ఒక్క మాటతో నాకు కంప్యూటరంటే ఉన్న భయం సగం పోయింది.

నా పొద్దుటి ఫైలు ఆయనే మొదలుపెట్టి ఇచ్చారు. ముందుగా ఆయన అడిగింది, "మీ కళ్ళకి ఏ రంగు హాయండీ?" అని. అంతవరకూ నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. ఆలోచించి, నాట్లేసిన కొన్నాళ్ళకి ఉంగుటూరు దగ్గర రైల్లోంచి కనపడే పచ్చ అని చెప్పాను. ఇంకెవరైనా అయితే నవ్వేవారు. ఆయన ఫైల్లో ఒక అంకె మార్చి, ఎడిటరు మూసి, మళ్ళీ తెరిచి, "ఇదాండీ?" అన్నారు. కాదన్నాను. ఇంకో అంకె. మూశారు, తెరిచారు. "ఇంకొంచెం నీళ్ళు పెట్టమంటారా చేనుకి?" అన్నారు. కొట్టు పని పక్కన పెట్టి, ఆ పచ్చ దొరికేదాకా వదల్లేదు.

ఆయన పద్ధతే అది. ఒక్క మార్పు చెయ్యాలి, మూసి తెరిచి చూడాలి, బాగుంటేనే రెండోదానికి వెళ్ళాలి. గబగబా నాలుగు మార్పులు చేసేసి, ఎక్కడో ఒక బ్రాకెట్టు మరిచిపోయి, ఎడిటరు లేవక నేను తెల్లమొహం వేసినప్పుడల్లా, "మూసి తెరవండి, మూసి తెరవండి అని చెప్పేది ఇందుకేనండీ" అనేవారు. కొన్న చొక్కా వేరు, కుట్టించుకున్న చొక్కా వేరు అన్నది ఆయన ఇంకో మాట. ఫైల్లో సెమికోలన్ పెట్టి ఏం రాసినా ఎడిటరు చదవదు. ఆ లైన్లు మనుషుల కోసం. ఆయన ఆ లైన్లలో కూడా మర్యాద తప్పేవారు కాదు. 'దయచేసి దీన్ని ముట్టుకోకండి, ఎందుకు పనిచేస్తోందో నాకూ తెలియదండీ' అని ఒకచోట రాసుకున్నారు.

కొట్లో ఎక్కువ పని శుభలేఖలదే. మాఘమాసం వస్తే తలెత్తే తీరిక ఉండేది కాదు. అందుకని ఆయన చాలా పొట్టిమాటలు పెట్టుకున్నారు. 'చిసౌ' అని కొడితే చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి అని మొత్తం పడేది. 'మను' అని కొడితే ఫలానావారి మనుమడు అనే లైను వచ్చేది. ఆ లైనుకి మొదట్లో కీర్తిశేషులు అని కూడా ఆయనే తగిలించేశారు. పెళ్ళికొడుకుల తాతగార్లు చాలామటుకు పోయే ఉంటారు కదా అని. ఒకసారి అది అలాగే పడిపోయింది. ప్రూఫు చూసిన పెళ్ళివారు ముహూర్తం సరిచూసుకుని, అమ్మాయి పేరు సరిచూసుకుని, బాగుందన్నారు.

కార్డులు పంచేశాక ఒక పెద్దాయన బస్సెక్కి మా కొట్టుకొచ్చారు. పంచె, భుజాన తువ్వాలు, చేతిలో పసుపు పెట్టిన శుభలేఖ. గుమ్మంలో నిలబడి, "ఏవండీ, ఇక్కడ నన్ను చంపేసింది ఎవరండీ?" అన్నారు.

మా యజమాని కంగారుగా, "అర్థం కాలేదండీ" అన్నారు.

"నేనేనండీ ఈ కీర్తిశేషుణ్ణి" అని కార్డు బల్ల మీద పెట్టారాయన.

మాస్టారు లేచి తన కుర్చీ ఆయన వైపు జరిపారు. "తప్పు నాదేనండీ బాబాయిగారూ. ముందు మీరు కూర్చోండి."

"కూర్చుంటాను లెండి. పోయినోడికి మోకాళ్ళ నొప్పులుండకూడదు. నాకెందుకో ఉన్నాయి మరి" అని కూర్చుని, తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. "మా ఆవిడ చూసి ఒకటే గోలండీ. బొట్టు తియ్యమంటారా, ఉంచమంటారా అని నన్నే అడుగుతోంది."

నవ్వాలో వద్దో తెలియక అందరం తలలు వంచుకున్నాం. మాస్టారు మాత్రం నవ్వలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి ఆయనకి. "కార్డులన్నీ నా ఖర్చుతో మళ్ళీ వేయిస్తానండీ" అన్నారు.

"వెయ్యండి. ఇది మాత్రం నా దగ్గరే ఉంచుతాను. బతికున్నవాణ్ణి పోయాడంటే ఆయుష్షు పెరుగుద్దంట కదా" అని పెద్దాయన ఆ శుభలేఖ మడిచి జాగ్రత్తగా రొంటిన దోపుకున్నారు.

ఆ సాయంత్రం మాస్టారు పొద్దుటి ఫైలు తెరిచి, ఆ లైను తిరగరాశారు. అప్పట్నించి మనుమడి లైను దగ్గరికి రాగానే ఎడిటరు ఆగిపోయి, తెర అడుగున 'తాతగారు కులాసాయేనాండీ?' అని అడిగేది. అవుననో కాదనో చెబితే తప్ప కదిలేది కాదు. మాస్టారు ఆ ప్రశ్న వచ్చిన ప్రతిసారీ కార్డు తెచ్చినవాళ్ళ వైపు తిరిగి, అదే మాట పైకి అడిగేవారు. కులాసాయే అంటే సంతోషించేవారు. ఎప్పుడో పోయారండీ అంటే, "అయ్యో" అనేవారు. ఎన్నేళ్ళ కిందట పోయినా సరే ఆ అయ్యో మాత్రం కొత్తగానే ఉండేది.

ఆయన జబ్బు చిటికెన వేలితో మొదలైంది.

కప్పు పట్టుకుంటే ఆ వేలు విడిగా నిలబడిపోతోందని మొదట మేమే వేళాకోళం చేశాం. తర్వాత సున్నా కొట్టాల్సినచోట పడటం మానేసింది. విజయవాడలో నరాల డాక్టరుకు చూపించుకుని వచ్చి, మందుల సంచీ సొరుగులో పెట్టి, ఏమన్నారని అడిగితే, "ఒక్కొక్కళ్ళే సెలవు పెడతారటండీ" అన్నారు. వేళ్ళ గురించి.

పొద్దుటి ఫైలు తెరిచి, సెమికోలన్ పెట్టి, 'చిటికెన వేలు రానంటోందండీ, దాని పని ఉంగరం వేలికి అప్పజెప్పాను' అని రాశారు. కింద లైన్లో చిటికెన వేలు నొక్కే మీటలన్నిటినీ లోపలికి జరిపారు. మూశారు, తెరిచారు, ఒక శుభలేఖ కొట్టి చూసుకున్నారు. తర్వాత ఉంగరం వేలు. తర్వాత ఎడమ చెయ్యి మొత్తం. ప్రతిసారీ అదే వరస. షిఫ్టు పట్టుకుని ఇంకో మీట నొక్కడం కుదరనప్పుడు, షిఫ్టు అక్కర్లేకుండా ఒకే మీట వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే వత్తు పడేలా మార్చుకున్నారు. "ఒళ్ళు తగ్గినప్పుడు చొక్కాకి కుట్లు వేయించుకోమా?" అన్నారు. కుట్లు వేసే చెయ్యి ఆయనది కాక నాది అయ్యేటప్పటికి ఇంక ఒక చూపుడు వేలే మిగిలింది. ఆయన చెప్పేవారు, నేను ఆ లైన్లు రాసేదాన్ని. నాకు ఆ ఫైలు చదవడం, రాయడం వచ్చింది అలాగే. ఇంత మంచి చదువు ఇలాంటి కారణంతో అబ్బినందుకు దేవునికి స్తోత్రం ఎలా చెప్పాలో తెలిసేది కాదు. అయినా చెప్పేదాన్ని.

ఒకనాడు హఠాత్తుగా, "ఏవండీ, నా పేరు కొట్టి ముందు కీర్తిశేషులు అని పెట్టండి. చూద్దాం, ఆయుష్షు పెరుగుద్దేమో" అన్నారు.

"పెట్టను. మా ప్రభువు దగ్గర అడ్డదారులు లేవండీ" అన్నాను.

"ఉంటే మాత్రం మీరు చెప్పకుండా ఉంటారాండీ?" అని నవ్వారు. ఆయన నవ్వుతున్నంతసేపూ నేను కీబోర్డు వైపే చూస్తూ ఉండిపోయాను.

ఆయన కొట్టు మానేసి లంకకు వెళ్ళిపోయిన రోజున మా యజమాని, "మీకు అలవాటైన మనిషి కదండీ, మీతోనే తీసుకెళ్ళండి" అని ఆ పాత కంప్యూటరునే వ్యాన్లో ఎక్కించి పంపించారు. ఆయన మేలు కూడా నేను మరువలేను. ఎందుకంటే మాస్టారికి ఒక పని మిగిలి ఉంది. తమ లంక గురించి రాసుకోవాలి. చేపల చెరువుల గట్లు రాకముందు కొల్లేరు ఎలా ఉండేదో, తాటిదోనెల మీద ఎలా తిరిగేవారో, అన్నిటికన్నా ముఖ్యంగా వాళ్ళమ్మ ఎలా మాట్లాడేదో. ఆవిడ పోయేనాటికి ఆయన పాకే పిల్లాడు. ఆవిడ మాటలన్నీ అక్క నోటి నుంచే విన్నారు. వాటిని విన్నవి విన్నట్టు, అక్షరం మారకుండా కాగితం మీద చూసుకుని పోవాలని ఆయన కోరిక.

ఆదివారం ఆరాధన అయ్యాక నేను బస్సెక్కి, దిగి, గట్టు మీద ఆటోలో వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. అప్పటికి చూపుడు వేలు కూడా ఆగిపోయింది. ఆయన మంచం మీద ఆనుకుని చెబుతుంటే నేను కొట్టడానికి కూర్చున్నాను.

"'ఆడికి జొరంగా ఉందే, ఒళ్ళు సూడు' అందంట మా అమ్మ" అన్నారు. కొట్టి, చదివి వినిపించాను.

ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. "జ్వరంగా అని కొట్టారు. వాడికి అని కొట్టారు. చూడు అని కొట్టారు."

చూసుకుంటే నిజమే. నాకు తెలియకుండానే వేళ్ళు దిద్దేశాయి. మళ్ళీ కొట్టాను. ఈసారి ఇంకోచోట దిద్దేశాను.

"మీది బడికెళ్ళిన చెయ్యండీ" అన్నారు జాలిగా.

"నేను బడికెళ్ళలేదని మీకు తెలుసు కదండీ."

"మీ నాన్నగారే పెద్ద బడి కదండీ, వదలదు."

ఆయన అక్క పెద్దింట్లు గుమ్మంలో వల బాగుచేస్తోంది. పెళ్ళయిన కొన్నాళ్ళకే మనిషి పోతే పుట్టింటికొచ్చి, తమ్ముణ్ణి పెంచి, చదివించింది. తను మాత్రం అక్షరం ముట్టుకోలేదు. మాస్టారు చాలాసేపు ఆమె వేళ్ళ వైపు చూశారు. తర్వాత నాతో, "అక్షరం రానివాళ్ళకి అక్షరం దిద్దడం రాదు కదండీ" అన్నారు.

అలా మొదలైంది. నేను చిన్న చిన్న కాగితాల మీద బొమ్మలు గీసి మీటల మీద అంటించాను. హల్లులకి నీళ్ళలోవి, అచ్చులకి ఇంట్లోవి. 'క' కి కొర్రమీను, 'ప' కి పీత, 'జ' కి జెల్ల, 'స' కి సీలావతి, 'ఉ' కి ఉట్టి. 'ల' కి చేప దొరక్క లాంతరు పెట్టాం. పొద్దుటి ఫైల్లో మిగతా మీటలన్నిటినీ మూగవి చేసేశాను, మోచెయ్యి తగిలినా ఏమీ చెరిగిపోకుండా. కరెంటు పోతే పోయేదేమీ లేకుండా, లైను తిరగగానే దానంతటదే భద్రమయ్యేలా పెట్టాను. ఆయన మంచం మీంచి మాట చెప్పరు, చేప పేరు చెబుతారు. ఆమె కొడుతుంది.

"కొర్రమీను కొట్టక్కా."

"కొట్టానురా."

"లాంతరు. ఇంకో లాంతరు. ఎంటనే కొట్టు, ఆలీసం చెయ్యకు."

నేను గీసిన జెల్లకి మీసాలు లేవని మొదటిరోజు పెద్దింట్లు పడీ పడీ నవ్వింది. అసలు పొరపాటు ఇంకోచోట జరిగింది. 'మ' కి మట్టగిడస పెట్టాను. కొర్రమీనూ మట్టగిడసా చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. గూడెంలో ముక్కలు కోసిన చేపే తప్ప చూడనిదాన్ని, ఏది గీశానో నాకే తెలియలేదు. పెద్దింట్లుకు మాత్రం తెలుసు. మొదటి పేజీ అయ్యాక చదవబోతే, కొల్లేరు అన్నచోటల్లా మొల్లేరు అని ఉంది. అమ్మ అన్నచోటల్లా అక్క అని ఉంది.

చదివి వినిపించేసరికి మాస్టారు మంచం అదిరేలా నవ్వారు. "అమ్మ పోయి అక్క వచ్చిందా?" అన్నారు. నవ్వుతూ నవ్వుతూనే ఆగిపోయి, "తప్పేం పడలేదు లెండి" అన్నారు మెల్లగా.

"బొమ్మలు మార్చి అంటిస్తానండీ" అన్నాను.

"వద్దండీ. పొద్దుటి ఫైల్లో ఆ రెండు లైన్లూ అటూ ఇటూ చెయ్యండి. మా అక్క ఏది కొర్రమీనంటే అదే కొర్రమీను."

మార్చాను. మూసి తెరిచాను. మొదటి పేజీ దిద్దనా అని అడిగితే, "కొల్లేరు దిద్దండి. అక్కని ఉంచండి" అన్నారు.

వారం వారం పేజీలు పెరిగాయి. నేను వెళ్ళినప్పుడు పైకి చదివేదాన్ని, వాళ్ళిద్దరూ వినేవారు. పెద్దింట్లు తను కొట్టిన మాటలే మొదటిసారి వింటున్నట్టు చెంపన చెయ్యి పెట్టుకుని వినేది. చివరికి అన్నీ అయ్యాయి, ఒక్కటి తప్ప. కొల్లేరు పొంగిన ఏడు, ఆసుపత్రికి దోనె దొరక్క, వాళ్ళమ్మ ఇంట్లోనే జ్వరంతో పోయింది. పోయేముందు ఒక మాట అంది. ఆ మాట విన్నది పరికిణీ కట్టే వయసులో ఉన్న పెద్దింట్లు ఒక్కతే. తమ్ముడికి ఆమె ఎప్పుడూ చెప్పలేదు.

"చెప్పవే అక్కా. అదొక్కటే మిగిలింది" అనేవారాయన.

"రేపు చెప్తాలేరా. ఇయ్యాల పని ఉంది" అనేది ఆమె.

ఒక ఆదివారం వెనకవైపు నీళ్ళ దగ్గర గిన్నెలు తోముతుంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను. "చెప్పెయ్యొచ్చు కదండీ పెద్దింట్లు గారూ, పాపం అన్నిసార్లు అడుగుతున్నారు" అన్నాను.

ఆమె తోముతూనే, గొంతు తగ్గించి, "ఆ రాసేది అయ్యేదాకా నేను పోనక్కా అన్నాడండి. అన్నాడా లేదా? మరి నేను చెప్పేస్తే అయిపోద్ది కదండి" అంది.

మన దినాలు దేవుని చేతిలో ఉన్నాయని మా నాన్నగారు నేర్పిన వాక్యాలు నాకు చాలా వచ్చు. ఆమె తోమిన గిన్నెలు కడిగి బోర్లించాను, అంతే.

లోపలికి వెళితే మాస్టారు నా మొహం చూసి, "చెప్పిందాండీ, ఎందుకు చెప్పటం లేదో?" అన్నారు. తల ఊపాను. "నాకు తెలుసు లెండి. నన్ను బతికిస్తున్నానని అనుకుంటోంది. అనుకోనివ్వండి. నాకూ బాగానే ఉంది." మాట కూడా ముద్దగా వచ్చేది అప్పటికి. ఆ తర్వాత రాయడానికి ఏమీ మిగలకపోయినా, ఆయన రోజూ ఏదో ఒకటి చెప్పి కొట్టించేవారు. ఏ కొంగ ఏ గుంజ మీద వాలేదో, ఎవరి దోనెకు ఎక్కడ చిల్లు పడేదో. ఆమె కొడుతూ ఉండేది. ఇద్దరిలో ఎవరూ రెండోవాళ్ళతో ఆ సంగతి ఎత్తేవారు కాదు. అలా ఆ ఏడాది వానలు గడిచాయి, చలి కూడా సగం గడిచింది. ఆ గడిచిన రోజుల కోసం నేను మోకరించి కృతజ్ఞత చెప్పని రాత్రి లేదు.

ఆ తర్వాత సూరమ్మ వచ్చింది.

పెదకర్మ అయిన మర్నాడు లంకకు వెళ్ళాను. మంచం ఎత్తి గోడకు ఆనించేశారు. కంప్యూటరు మీద పాత చీర ముక్క కప్పి ఉంది. పెద్దింట్లు నన్ను చూసి ఏడవలేదు. చాప వేసి, మంచినీళ్ళిచ్చి, "ఒకసారి అది తెరవండి" అంది.

తెరిచాను. ఆయన పేజీలు వచ్చాయి. ఆఖరి పేజీలో, 'అప్పుడు అమ్మ అంది' అని ఉంది. దాని కింద ఖాళీ.

"ఇది ఎప్పుడు కొట్టించారండీ?"

"ముందు రోజండి. ఇక్కడ జాగా ఉంచక్కా, నీకు ఎప్పుడు చెప్పబుద్ధేస్తే అప్పుడు అన్నాడండి." కుర్చీ లాక్కుని కూర్చుంది. నేను పక్కకు జరిగాను. "నేను చెప్తే మీరు కొడతారనుకోకండి. మీరు దిద్దేస్తారు."

"కొట్టనండీ."

ఆమె వంగి మీటల మీద వెతికింది. ఎవరూ పేర్లు చెప్పడం లేదు. తనే గొణుక్కుంటోంది. "పీత. ఉట్టి. లాంతరు. ఉట్టి." ఒక్కో మీట దగ్గరా ఆగి, పెదవులు కదిపి, మాటలోని శబ్దానికీ చేప పేరుకీ పొత్తు చూసుకుని, అప్పుడు నొక్కుతోంది. ఇన్ని నెలలుగా ఆ చేపలతోపాటు ఆమెకు ఏం వచ్చేసిందో ఆమెకూ తెలియదు, మాకూ తెలియలేదు. "సీలావతి. ఉట్టి." పూర్తయ్యేసరికి బయట ఎండ గుమ్మం దాటి వెళ్ళిపోయింది.

"ఏం పడిందో చదవండి" అంది.

చదివాను. 'పులుసు మాడుద్దే దించు.'

"అంతేనాండీ?" అన్నాను. అనకూడదు. నోరు జారింది.

"అంతేనండి. పొయ్యి మీద పులుసుంది అప్పుడు. ఆ మాటంటూనే కళ్ళు మూసింది." ఆమె తెర వైపే చూస్తోంది. "ఇంత చిన్న మాటండి. దీనికోసం ఎంత అడిగాడో పిచ్చోడు. చెప్పేసినా బాగుండును, నవ్వేవాడు."

"మీరు దించారాండీ?"

"లేదండి. అమ్మ దగ్గిరే కూకుండిపోయాను. మొత్తం మాడిపోయింది. ఆడు ఆకలికి ఒకటే ఏడుపు."

అప్పుడు ఏడ్చింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. బయట ఎవరిదో దోనె వెళుతోంది, గెడ నీళ్ళలో పడుతున్న చప్పుడు వినిపించింది. చాలాసేపటికి ఆమె లేచి, మొహం కడుక్కుని, నాకు అన్నం పెట్టింది.

ఆ పేజీలు నా దగ్గర ఉన్నాయి. ఒక్క అక్షరం దిద్దలేదు. మాస్టారి సంగతి మీరు పెట్టుకోకండి. రోజూ నా ప్రార్థనలో ఆయనకు చోటుంది. ఇంతవరకూ చదివినవారిని నేను అడిగేది పెద్దింట్లు గురించి. పొయ్యి మీంచి గిన్నె దించే ఏ పూటైనా సరే, ఒక్క క్షణం ఆమెను తలుచుకోండి.